మా ఇంటి నుదురు

మూడు రోజులుగా నాకు కుదురు లేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే ఎందుకు లేచానో గుర్తుండదు. మంచం కింద ఉన్న రేకుపెట్టెను రోజుకు నాలుగుసార్లు ముందుకు లాగుతున్నాను, తాళం తీయకుండానే మళ్ళీ లోపలికి తోసేస్తున్నాను. మా అబ్బాయి చూసి, "ఏందమ్మా, ఆ పెట్టెలో ఏమన్నా ప్రాణముండేది పెట్టినావా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

మనవరాలికి పదకొండేళ్ళు. వచ్చే ఆదివారం దానికి ఓణీల వేడుక. పూలజడ వేసి ఫోటోలు తీయించాలని కోడలి ముచ్చట. "అత్తయ్యా, మీ దగ్గర పాతకాలం సవరం ఉందంట గదా. పార్లర్ వాళ్ళు తెచ్చేది నైలాను తాడు మాదిరి ఉంటుంది. మీది కడదామా?" అని అడిగింది.

"ఉంది. నేనే కడతాను. మా ఇంటి సవరాన్ని పరాయి చెయ్యి తాకదు" అన్నాను. ఆ మాట అన్నప్పుడు నా గొంతులో మా జేజి గొంతు వినబడింది. నాయన తల్లిని మా వైపు జేజి అంటాం. ఈ కాలపు పిల్లలు నానమ్మ అంటారు గానీ నా మనవరాలి చేత నేను జేజి అనే పిలిపించుకుంటాను. పోయినవి ఎట్లాగూ పోయాయి, పిలుపన్నా మిగలాలి కదా.

ఆ సాయంత్రమే మా బంధువు ఒకావిడ వేడుక మాట విని చూడటానికి వచ్చింది. మనవరాలి గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, "అంతా బాగుండాది గానీ, మీ ఇంటి నుదురు రాలేదు చూడక్కా. అంతా తల్లి పోలికే" అంది. కాసేపటికి చూస్తే పిల్ల అద్దం ముందు నిలబడి, నొసటి మీది పిల్ల వెంట్రుకలను అరచేత్తో వెనక్కి ఒత్తిపెట్టి తన ముఖం తాను చూసుకుంటోంది.

అప్పటి నుంచే నాకు కుదురు లేదు.

మా ఊరు సముద్రానికి కోసెడు దూరం. గాలి ఎటు తిరిగితే అటు వాసన. పొద్దున్నే ఉప్పు వాసన, ఎండెక్కితే జువ్వలదిన్నె వైపు నుంచి ఎండుచేపల వాసన, సాయంత్రం సరుగుడు తోపుల్లో రాలిన ఆకు ఉడికిన వాసన. తాత కాలంలో ఆ తోపులన్నీ మావే. నాకు ఊహ తెలిసేనాటికి వాటి పేర్లు మాత్రం మావి. తోపులకు కొత్త యజమానులు వచ్చినా, ఊరివాళ్ళు మా తాత పేరుతోనే వాటిని పిలిచేవాళ్ళు. జేజికి ఆ మాట చెవిన పడితే ఆ పూట అన్నం ఒక ముద్ద ఎక్కువ తినేది.

ఇల్లు మాత్రం పెద్దదే. ముందువైపు రెండు గదుల్లో సర్కారు ఆసుపత్రి నర్సమ్మ అద్దెకు ఉండేది. అద్దె అనే మాట జేజి నోటి వెంట రాదు. "పాపం, కిరస్తానీ పిల్ల, ఒంటిగా ఉండాది. నీడ ఇచ్చినాం" అనేది. నడిమి సావిట్లో నాయన తుపాకీ పెట్టె ఉండేది. టేకు పెట్టె, లోపల ఎర్ర మఖమలు గుడ్డ, ఆ గుడ్డలో తుపాకీ ఆకారాన ఒక గుంట. తుపాకీ లేదు. అది ఎటు పోయిందో ఎవరూ అడగకూడదు. ఎవరైనా పెద్దమనిషి వస్తే నాయన పెట్టె మూత తీసి, "ఇక్కడ ఉండేది" అని చూపించేవాడు. వచ్చినవాళ్ళు ఆ గుంటను చూసి తల ఊపేవాళ్ళు.

ఆ పెట్టెకు ఎదురుగా గోడ మీద నాలుగు ఫోటోలు. నాలుగూ మా ఇంటి ఆడపిల్లలవే, ప్రతి ఒక్కరూ పదకొండో ఏట పూలజడతో తీయించుకున్నవి. పిల్ల పక్కకు తిరిగి కూర్చుంటుంది, వెనక నిలువుటద్దం, అద్దంలో మోకాళ్ళు దాటిన పూలజడ. మసకబారిన మొదటిది జేజిది. తర్వాత తాత చెల్లెలిది, ఆ పైన మా అత్తలిద్దరివి. ఐదో మేకు కొట్టి ఉంది, దాని మీద ఏమీ లేదు. అది నాది.

ఆ నాలుగు ముఖాల్లోనూ ఒకటే నుదురు. రెండు కణతల దగ్గరా జుట్టు బాగా వెనక్కి తగ్గి, విశాలంగా, నున్నగా ఉంటుంది. చూపులో ఒక ఠీవి. అది మా రక్తానికి గుర్తని మేం చెప్పుకునేవాళ్ళం. జేజి ఈ ఇంటి ఆడబిడ్డ కూతురు, చిన్నప్పటి నుంచి ఇక్కడే పెరిగి, మేనరికంగా ఈ ఇంటికే కోడలయింది. అందువల్ల రెండు వైపులా ఇదే రక్తమని ఆమె ధీమా. మా అమ్మ మనుబోలు నుంచి వచ్చింది. ఆమెకు నుదురు రెండు వేళ్ళ వెడల్పే, ఆ పైనంతా ఒత్తయిన జుట్టు. "బొట్టు పెట్టుకోను చోటు చాలదు పాపం" అనేది జేజి, వచ్చినవాళ్ళందరి ముందూ. అమ్మ వంటింట్లో చింతపండు పిసుకుతూ విననట్టు ఉండేది.

నాకు ఆరో ఏడు వచ్చినప్పటి నుంచి శుక్రవారం అంటే సవరం. కుంకుడు రసంతో తలంటు, సాంబ్రాణి పొగ, ఆ తర్వాత జేజి కాళ్ళ మధ్య పీట మీద కూర్చోవడం. మా ఇంటి సవరం అందరి సవరం లాంటిది కాదు. మా ఇంట్లో ఎవరి జుట్టు రాలినా పారేయరు. దువ్వెనకు వచ్చినదాన్ని వేలికి చుట్టి తాటాకు బుట్టలో వేస్తారు. ఏడాదికోసారి సవరాలు కట్టే ఆమె వచ్చి, చిక్కులు తీసి, వాటిని పాత సవరంలో కలిపి కట్టేది. బయటి వెంట్రుక ఒక్కటి కలుస్తుందేమోనని ఆమె లేచి పోయేదాకా జేజి ఎదుటే కూర్చునేది. అట్లా ఎన్ని తరాల జుట్టో చేరి, దాన్ని ఎత్తితే తడిసిన తాడు ఎత్తినట్టు ఉండేది.

అంత బరువు జడ చివర నిలవదు. అందుకని మాకు ఒక కట్టు ఉంది. రెండు కణతల దగ్గరా జుట్టు పాయలుగా తీసి, ఆముదం రాసి, మెలిపెట్టి వెనక్కి లాగి, రెండూ కలిపి ముడివేసి, ఆ ముడికి సవరం వేలాడదీస్తారు. కట్టిన రోజు కళ్ళు మూసుకుంటే రెప్పలు పూర్తిగా కలిసేవి కావు. మెడ వంచితే నొసటి తోలు మొత్తం వెనక్కి పోయేది. అందుకని మెడ వంచేదాన్ని కాదు. బడిలో అయ్యవారు, "ఆ పిల్ల కూర్చునే తీరు చూడండిరా, వంశం అంటే అదీ" అని మిగతా పిల్లలకు చూపించేవారు.

నాకు పదకొండో ఏడు నడుస్తుండగా మాఘంలో టైఫాయిడ్ వచ్చింది. ఇరవైయొక్క రోజులు గంజినీళ్ళు, బార్లీ. తగ్గిన తర్వాత కూడా పథ్యం వదలలేదు. నెయ్యి లేదు, చేప లేదు. పెరటి గుమ్మం దగ్గరికి చేపలు తెచ్చే ఆమె ఒకతె ఉండేది. అమ్మ చూడనప్పుడు ఆమె కాల్చిన మెత్తళ్ళు రెండు ఆకులో చుట్టి నా చేతిలో పెట్టేది. సరుగుడు మొద్దు చాటున కూర్చుని ముళ్ళతో సహా నమిలేదాన్ని. ఇప్పటికీ జబ్బుపడి లేచిన వాళ్ళను చూస్తే నాకు ఆ మాడిన ఉప్పు రుచే నోట్లోకి వస్తుంది.

మొదట చూసింది ఆమే. మల్లెలు మొదలైన రోజులు. నా భుజం మీద చెయ్యి వేసి తీస్తే అరచేతికి వెంట్రుకలు అంటుకున్నాయి.

"ఏంది పాపా, చేపకు పొలుసు రాలినట్టు రాలతుండాదే!"

"ఎవరికన్నా చెప్పినావంటే మా గడప తొక్కనీయను" అన్నాను.

"నేనెప్పుడు తొక్కినా మీ గడప? పెరటి దారినే గదా వొచ్చేది" అని గంప ఎత్తుకుని పోయింది. ఎవరికీ చెప్పలేదు.

జుట్టు గుప్పెళ్ళుగా రాలసాగింది. దిండు మీద, పలక మీద, మజ్జిగన్నంలో. బుట్టలో వేస్తే జేజి చూస్తుంది. పారేద్దామంటే మా ఇంట్లో పారేయకూడదు. ఎక్కడ దాచాలో తెలియక ఇల్లంతా తిరిగేదాన్ని. చివరికి నాయన తుపాకీ పెట్టె కనిపించింది. వేలికి చుట్టిన ఉండలను ఆ ఎర్ర గుంటలో వరసగా పేర్చేదాన్ని. రెండు వారాల్లో గుంట నిండింది.

ఒక మధ్యాహ్నం నాయనకు వరసకు బావ అయ్యే ఆయన వచ్చాడు. మామిడికాయ వేసిన చేపల పులుసు, మొలగొలుకుల అన్నం తిన్నారు. తాంబూలాలయ్యాయి. నాయన లేచి పెట్టె దగ్గరికి నడిచాడు. నేను తలుపు చాటు నుంచి చూస్తున్నాను. మూత తెరిచి, ఎప్పటిలాగే లోపలికి చూడకుండానే, "ఇక్కడ ఉండేది" అన్నాడు నాయన.

వచ్చినాయన వంగి చూశాడు. "ఏంది బావా, తుపాకీ పిల్లల్ని పెట్టిందా?" అన్నాడు.

నాయన మూత వేశాడు. నవ్వలేదు, కోప్పడలేదు. ఆ రోజు తర్వాత ఆ పెట్టె ఎవరికీ చూపించలేదు. ఆయన వెళ్ళిపోయిన తర్వాత జేజిని పిలిచి, "పిల్ల తల చూడమ్మా" అన్నాడు, అంతే.

జేజి చూసింది. వెనకవైపు తోలు కనబడుతోంది. కణతల దగ్గర పాయ తీస్తే చిటికెనవేలంత కూడా లేదు. దిష్టి అంది. ఉప్పు, మిరపకాయలు తిప్పి పోసింది. ఉల్లిరసం రాసింది, గుంటగలగరాకు నూరి పట్టించింది, మెంతులు పట్టించింది. నా దగ్గరికి పిల్లి కూడా వచ్చేది కాదు. తల అంతా దురద. గోళ్ళతో గీరుకుంటే ఆ గోళ్ళతో పాటు ఇంకొన్ని వెంట్రుకలు వచ్చేవి.

"పొట్టిగా కత్తిరించేద్దాం అత్తా. బలం పట్టి మళ్ళీ వస్తుంది" అంది అమ్మ. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి అత్తకు అమ్మ చెప్పిన మొదటి సలహా అదేననుకుంటాను.

"కత్తిరిస్తే ఊరంతా ఏమనుకుంటారు? పొలాలు పొయినాయి, ఇప్పుడు తలలు కూడా బోడయినాయి అనుకోరా? మల్లెలు అయిపోయేలోగా ఫోటో తీయించాల. దానికి పదకొండో ఏడు ఇదే."

అమ్మ ఊరుకోలేదు. జేజి కునుకు తీసే వేళ చూసి నర్సమ్మను లోపలికి పిలిచింది. తెల్ల చీర, జాజికాయంత ముడి, డెట్టాలు వాసన. ఆమె నన్ను వెలుతురులోకి తిప్పి తల అంతా వేళ్ళతో పాయలు తీసి చూసింది.

"వెనక పొయిన జుట్టుకు భయం లేదమ్మా. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు ఇట్టా రాలతుంది. మళ్ళీ వస్తుంది." తర్వాత కణతల మీద బొటనవేలితో నొక్కింది. "ఇది మాత్రం జ్వరం పని కాదు. ఇక్కడ తోలు మెరస్తుండాది చూడండి. ఏళ్ళ తరబడి లాగి లాగి కట్టినందువల్ల వచ్చింది. ఇప్పటికైనా మానితే కొంత నిలబడుతుంది. ఇంకొక్కసారి బరువు పడితే ఇది రాదు. ఎన్నటికీ రాదు."

ఆ మాటలకు జేజి ఎప్పుడు లేచిందో, గుమ్మంలో నిలబడి ఉంది. నర్సమ్మ ఆమెను చూసి మర్యాదగా లేచింది. లేచినప్పుడు ఆమె చూపు గోడ మీది ఫోటోల మీద పడింది. ఒక్కొక్కటే చూసింది. నాలుగో ఫోటో దగ్గర ఆగి, మెల్లగా అంది.

"పెద్దమ్మగారూ, ఇది వంశం కాదు. జడ."

జేజి గుమ్మం దాటి వచ్చి ఫోటోలకు అడ్డంగా నిలబడింది.

"నర్సమ్మా," అంది జేజి, "నువ్వు ఉండేది ముందు గదుల్లో. మా గోడల మీద ఏముండాదో నీకెందుకు?"

"సరేనండీ" అని ఆమె వెళ్ళిపోయింది. వెళుతూ నా ముందు ఆగి, "నువ్వు చెప్పు పాపా. నీ తల గదా. నీకేం కావాల?" అని అడిగింది.

ఇక్కడ నేను అబద్ధం రాయను. జేజి నన్ను బలవంతం చేసిందని ఎవరైనా అనుకుంటే అది తప్పు. నేను ఐదో మేకు వైపు చూశాను.

"ఫోటో" అన్నాను.

ఆ ఆదివారం పొద్దున్నే పూలజడ మొదలైంది. బావి నీళ్ళు చల్లి, తడిగుడ్డలో చుట్టి ఉంచిన మల్లెమొగ్గలు ఒక చాటెడు. అరటి పట్ట మీద అరటినారతో కుట్టుకుంటూ రావాలి, మధ్యలో మరువం, కనకాంబరాలు. అమ్మ కుట్టింది. వెనక జుట్టు లేదు గనక బరువంతా కణతల మీదే. ఉన్న కాసిని వెంట్రుకలకు జేజి నల్లదారం చుట్టి చుట్టి లాగి కట్టింది. సవరం, దాని మీద పూలు, చివర జడకుప్పెలు. బంగారువి ఎప్పుడో పోయాయి, అవి ఇత్తడివి. కానీ ఇత్తడికి బరువు తక్కువేమీ కాదు.

నాయన రాలేదు. జేజీ నేనూ బండి మీద బిట్రగుంటకు, అక్కడి నుంచి రైల్లో నెల్లూరుకు. బండి గతుకులో పడిన ప్రతిసారీ జడ వెనక్కి గుంజేది. స్టేషనులో బొగ్గు పొగ. రైలు కిటికీ దగ్గర జేజి నా వైపు వంగి అడిగింది.

"నొప్పిగా ఉండాదా మ్మే?"

"లేదు జేజీ."

ట్రంకు రోడ్డులో ఒక మేడ మీద స్టూడియో. మెట్లు ఎక్కలేక మధ్యలో ఆగాను. కళ్ళ ముందు నల్లటి చుక్కలు. జేజి రెండోసారి అడిగింది. "నొప్పా? చెప్పు."

"లేదు."

ఫోటో తీసే ఆయన నన్ను పక్కకు తిప్పి కూర్చోబెట్టి, వెనక అద్దం జరిపాడు. నల్లగుడ్డ లోంచి తల బయటపెట్టి, "కొంచెం నవ్వు పాపా" అన్నాడు.

"మా ఇంట్లో ఫోటోలకు నవ్వరు" అంది జేజి. నిజానికి నవ్వాలన్నా నేను నవ్వలేను. నుదురు మొత్తం వెనక్కి లాగుకుని, కనుబొమలు పైకి పోయి, పెదవులు విడివడటం లేదు.

"అబ్బా, ఏం ఠీవండీ! రాణి మాదిరి ఉండాది" అన్నాడు ఆయన. టక్కుమంది. అయిపోయింది.

తిరుగు రైల్లో మల్లెలు విచ్చుకున్నాయి. పెట్టెలో ఉన్నవాళ్ళంతా నా వైపే తిరిగి చూస్తున్నారు. ఒక ముసలాయన చెయ్యెత్తి దణ్ణం కూడా పెట్టాడు. నాకు ఒక చోట కూర్చోబుద్ధి కాదు, లేవబుద్ధి కాదు. కాలి వేళ్ళు ఆడించడం తప్ప ఏమీ చేయలేను. జేజి మూడోసారి అడిగింది. ఈసారి నా చెయ్యి పట్టుకుని అడిగింది. ఆమె ముఖంలో ఏదో ఆశ లాంటిది ఉంది. అది ఎందుకో నాకు అర్థం కాలేదు.

"లేదంటే లేదు" అన్నాను.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. అమ్మ నన్ను పీట మీద కూర్చోబెట్టి కత్తెరతో నారలు తెంపింది, నల్లదారం తెంపింది. సవరం ఒళ్ళోకి జారింది. దానితో పాటు నా కణతల మీది పాయలు రెండూ వచ్చేశాయి. రక్తం ఎక్కువ రాలేదు. చుక్కలు చుక్కలుగా చెమట పట్టినట్టు, అంతే. చల్లగాలి ఆ రెండు చోట్లా తగిలింది. అంత హాయి నేను ఎరుగను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ క్షణాన నాకు ఏడుపు కాదు, హాయి అనిపించింది.

అమ్మ ఆ రెండు పాయలనూ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. లేచి వెళ్ళి జేజి ముందు చెయ్యి చాపింది.

"ఇవి కూడా చేర్చుకోండి అత్తా, మీ సవరంలో."

జేజి తీసుకుంది.

మరుసటి రోజు మధ్యాహ్నం పెరట్లో బావి గట్టు దగ్గర జేజి ఒక్కతే కూర్చుని ఉంది. నన్ను పిలిచింది. నా తల మీద నర్సమ్మ కట్టిన గుడ్డ. జేజి చుట్టూ చూసి, తల మీది కొంగు తీసేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె తల నేను చూడటం అదే మొదలు. ఆమె కొంగు జారగా చూసినవాళ్ళు ఇంట్లో ఎవరూ లేరు. రెండు కణతల నుంచి చెవుల పై దాకా వెంట్రుక అన్నది లేదు. గిన్నె అడుగు మాదిరి నున్నగా మెరుస్తోంది.

"ఆడ తాకి చూడు" అంది. తాకాను. చల్లగా ఉంది.

"నొప్పి పుట్టలేదన్నావే?"

నేను తల వంచుకున్నాను. వంచుకోగలగడం కొత్తగా ఉంది. "పుట్టింది."

"మరి ఎందుకు చెప్పలా?"

ఆమె కొంగు మళ్ళీ కప్పుకుంది.

"మా అవ్వ కూడా నన్ను మూడుమాట్లు అడిగింది. నేనూ లేదనే చెప్పినా. మీ అత్తలిద్దరినీ అడిగినా. వాళ్ళూ అంతే. నువ్వన్నా అంటావేమోనని దోవ పొడుగునా చూస్తా వొచ్చినా. నువ్వు నొప్పి అనుంటే ఆ రైల్లోనే తెంపేసుందును మ్మే."

ఆ మాట నిజమో కాదో నాకు నేటికీ తెలియదు. తెలిసి తెలిసి ఎందుకు కట్టావని అడగాలనిపించింది. అడగలేదు. ఆమె అడిగినప్పుడు నేను చెప్పలేదు, నేను అడగాల్సినప్పుడు అడగలేదు. మా ఇంట్లో అంతే.

ఆ వారమే అమ్మ నా జుట్టు పొట్టిగా కత్తిరించింది. జేజి అడ్డు చెప్పలేదు. వానలు వచ్చేసరికి నర్సమ్మ చెప్పినట్టే వెనకంతా నల్లగా, దట్టంగా వచ్చింది. అది చూసి చేపలామె, "ఇప్పుడు బాగుండావు పాపా, తడిసిన నీటికాకి మాదిరి" అంది. కణతల మీద మాత్రం రాలేదు. ఎన్నటికీ రాదన్నది, రాలేదు.

ఫోటో వచ్చింది. ఐదో మేకుకు తగిలించారు. చూసినవాళ్ళందరిదీ ఒకటే మాట. "ఏం నుదురు! ఏం చూపు! అచ్చం ఆ ఇంటి పిల్లే!" మొదట్లో నాకు ఆ మాట వింటే తల దురద పుట్టేది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, చెప్పకేం, బాగానే ఉండేది. జేజి పోయింది. ఇల్లు పోయింది. గోడ మీది ఫోటోలు ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. సవరం నాకు వచ్చింది. పెళ్ళిలో మా ఆయన వైపు వాళ్ళు నా నుదురు చూసి వంశం అన్నారు. నేను మెడ నిటారుగా పెట్టుకుని విన్నాను. నాకు ఆడపిల్లలు లేరు. అందువల్ల సవరం రేకుపెట్టెలో పడి ఉంది, నేను నోరు విప్పాల్సిన పనీ లేకపోయింది.

ఈ ఉదయం పెట్టె తెరిచాను. వేడుకకు ముందు ఒకసారి కట్టి చూద్దామంది కోడలు. మూత తీయగానే ఆముదం వాసన, ఎండిన మరువం, కర్పూరం. సవరం అదే బరువు. మనవరాలు పీట మీద నా కాళ్ళ మధ్య కూర్చుంది. నుదురు చిన్నది, దాని తల్లిది, మా అమ్మదీ అట్లాంటిదే. దాన్ని అద్దంలో అట్లా ఒత్తిపెట్టుకుని చూసుకున్న పిల్లే ఇది. కట్టకూడదని నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను. నా వేళ్ళు వాటంతట అవే కణతల దగ్గర పాయలు తీశాయి, ఆముదం రాశాయి, మెలిపెట్టాయి. మరిచిపోయాననుకున్న కట్టు వేళ్ళకు గుర్తుంది. వెనక్కి లాగాను.

అడగాలని నోరు తెరిచాను. అడిగే అవసరం రాలేదు.

"అబ్బా! జేజీ! నొప్పి!"

ఎదురింటి వాళ్ళకు వినబడేంత కేక. ఇంకా ముడి కూడా వేయలేదు. వంటింట్లోంచి కోడలు, "కొంచెం ఓర్చుకోవే, ఫోటో కోసం" అంది.

"ఓర్చుకోవద్దు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. కోడలు గరిటతో సహా గుమ్మంలోకి వచ్చి చూసింది. నేను పాయలు వదిలేశాను. పిల్ల వెనక్కి తిరిగి, నా ముఖంలోకి చూసి, వేలితో నా కణత మీద తాకింది. అక్కడ నన్ను ఎవరూ తాకరు. మా ఆయన కూడా తాకలేదు.

"నీకు కూడా నొప్పి పుట్టిందా జేజీ?"

"పుట్టింది" అన్నాను.

అది లేచి, తల విదిలించుకుని అద్దం దగ్గరికి పరిగెత్తింది. ఆముదం రాసినా అణగకుండా నొసటి మీది పిల్ల వెంట్రుకలు అన్నీ లేచి నిలబడి ఉన్నాయి. నేను నా ఒళ్ళో ఉన్న సవరంలో వెతికాను, వాటిల్లో ఒక్కటైనా వచ్చిందేమోనని. రాలేదు.